తొంభై మూడో తోడు

ఆ పరిశోధనాలయంలో మూడో అంతస్తుకి వెళ్ళాలంటే అందరికీ భయం. వెళ్ళొచ్చామని చెప్పుకోవాలంటే అందరికీ సరదా. తలుపు మీద ఎర్ర బోర్డు, దాని మీద మూడు కొమ్ముల గుర్తు, పక్కన స్టూలు మీద కునుకు తీసే గార్డు. లోపలికి వెళ్ళేవాళ్ళు ఒంటిమీద బట్టలన్నీ మార్చుకోవాలి. మూతికి ముసుగు, చేతులకి రెండేసి జతల గ్లవ్స్ ఉండాలి. బయటికి వచ్చేటప్పుడు స్నానం చెయ్యాలి. కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చేస్తే కుదరదు, తల తడవాలి.

ఈ తల తడవాలన్న నియమం వల్లే డైరెక్టరుగారు తొమ్మిదేళ్ళుగా ఆ తలుపు దాటలేదన్నది బహిరంగ రహస్యం. ఆయన జుట్టు నల్లగా, ఒత్తుగా, ఫ్యాను కింద కూర్చున్నా వెంట్రుక కదలకుండా ఉంటుంది. అరవై దగ్గరపడ్డ మనిషికి ఇంత జుట్టేమిటని ఎవరూ అడగలేదు. అది ప్రశ్నలు అడిగే చోటు కాదు.

తమాషా ఏమిటంటే, వాళ్ళు పరిశోధిస్తున్న జబ్బుకి పేరే ప్రశ్న. క్యూ జ్వరం అంటారు. మొదట్లో కారణం అంతుబట్టని డాక్టర్లు, ఇంగ్లీషులో సందేహం అని అర్థం వచ్చే మాటలోంచి మొదటి అక్షరం తీసి పేరు పెట్టేశారు. తర్వాత కారణం దొరికింది, అదొక బ్యాక్టీరియా. మేకలూ గొర్రెలూ ఈనేటప్పుడు, పిల్ల వెంట పడే మాయలో కోట్లకొద్దీ బయటపడుతుంది. ఎండి, దుమ్ములో కలిసి, నెలల తరబడి బతుకుతుంది. ఆ దుమ్ము పీల్చినవాడు మంచం పడతాడు. అయితే దాని అసలు ఘనత వేరే ఉంది. మన ఒంట్లో కాపలా కణాలు ఏ క్రిమినైనా మింగి, కడుపులోని ఆమ్లంతో అరిగించేస్తాయి. ఈ మహానుభావుడు మాత్రం ఆ ఆమ్లంలోనే కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, సంసారం వృద్ధి చేసుకుంటాడు.

"మన డైరెక్టరుగారూ అంతే. ఎన్ని ప్రభుత్వాలు మింగాయో! ఒక్కదానికీ అరగలేదు" అనేవాడు అక్కడి పాత ఉద్యోగి గుడ్ల తాత.

ఆ మూడో అంతస్తులో నాలుగేళ్ళుగా పనిచేస్తున్న పరిశోధక విద్యార్థిని అసలు పేరు చాలామందికి గుర్తుండేది కాదు. మేకలమ్మాయి అనేవాళ్ళు. వాళ్ళ నాన్నకి అరవై మేకలు. ఇంటిల్లిపాదిలో కాలేజీ మెట్లెక్కింది తనొక్కతే. మొదట్లో ఆ పిలుపు ముల్లులా గుచ్చుకునేది. మేకల జబ్బు మీద ఇంత పెద్ద భవనం కట్టుకున్నవాళ్ళలో మేకని చేత్తో తాకింది తనొక్కతే అని తెలిశాక, ఎవరు పిలిచినా తలెత్తి పలకడం మొదలుపెట్టింది.

రెండేళ్ళ క్రితం వాళ్ళ నాన్నకి గుండె కవాటం ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదని తేలింది. అలాంటి గుండెలో ఈ క్రిమి గూడు కట్టుకుందంటే మనిషి దక్కడం కష్టం. "మేకలు ఈనే రోజుల్లో దొడ్డిలోకి అడుగుపెట్టకండి" అన్నాడు డాక్టరు. ఆయనకది చేపని నీళ్ళ జోలికి వెళ్ళవద్దన్నట్టుంది. అయినా రెండు కాన్పుల కాలం ఓర్చుకున్నాడు. డాక్టరు మీద నమ్మకంతో కాదు, కూతురు చెప్పిన మాట మీద.

"మా మందు వస్తుంది నాన్నా. మేకల్ని పోతుతో కలపకముందే వేసేస్తే, ఈనేటప్పుడు మాయలో క్రిమి అంతగా ఉండదు. అప్పుడు వెళ్దువుగాని."

ఆ మందు రావడానికి ఇంక ఇరవై రోజులే ఉన్నాయి. పెద్ద సభ, పెద్ద మంత్రి, పెద్ద బ్యానరు అన్నీ సిద్ధం. ముందుగా టీకా వేసే మందల జాబితాలో నూటపదిహేను పేర్లున్నాయి. అందులో మొదటిది వాళ్ళ నాన్నది.

సరిగ్గా ఆ సమయంలో, ఆరు గినీపిగ్గులు జబ్బుపడడం మానేశాయి.

టీకా పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? గినీపిగ్గులకి టీకా వేసి, కొన్నాళ్ళాగి బతికున్న క్రిమిని ఎక్కిస్తారు. జ్వరం రాకపోతే టీకా గెలిచినట్టు. పదకొండేళ్ళలో ఒక్క గినీపిగ్గుకీ ఒళ్ళు వెచ్చబడలేదు. గోడల నిండా ప్రశంసాపత్రాలే. మరి టీకా వెయ్యని వాటిని కూడా పక్కనపెట్టి పోల్చి చూడవద్దా? మొదటి ఏడాది చూశారు. తర్వాత ఒక కమిటీ వచ్చి, పనిచేసే టీకా చేతిలో ఉండగా వెయ్యకుండా మూగజీవాల్ని జబ్బుపాలు చెయ్యడం అమానుషమని తేల్చి, ఆ పంజరాలు ఎత్తించేసింది. అప్పట్నుంచీ ఆ ప్రయోగం, దొంగే లేని వీధిలో కాపలా కాసి దొంగతనం జరగలేదని చూపించుకున్నట్టుగా సాగుతోంది.

మేకలమ్మాయి కూడా మూడేళ్ళు అలాగే చేసింది. పెద్దవాళ్ళు చేసినట్టు చెయ్యడమే చదువనుకుంది. థీసిస్ చివరి అధ్యాయం రాస్తున్నప్పుడు మాత్రం, పుస్తకంలో చెప్పినట్టు ఒక్కసారైనా చెయ్యకపోతే మనసొప్పక, టీకా వెయ్యని గినీపిగ్గులు ఆరింటిని బతిమాలి తెచ్చుకుంది. క్రిమిని ఎక్కించింది. పూటపూటా థర్మామీటరు పెట్టింది. పదిరోజులు గడిచాయి. జ్వరం రాకపోగా అవి లావెక్కాయి.

"తాతా, ఇవి కనీసం ముడుచుకుని ఓ మూల పడుకోవాలి కదా?"

గుడ్ల తాత ముసుగులోంచి పంజరం వైపు చూశాడు. "ఎందుకు పడుకుంటాయమ్మా? వేళకి తిండి, చల్లటి గాలి. డైరెక్టరుగారి మొహం చూడక్కర్లేదు. నాకే వాటిని చూస్తే కుళ్ళుగా ఉంది."

ఆ తాత ఉద్యోగం గుడ్లు. ఈ క్రిమి మామూలు గిన్నెల్లో సరిగ్గా పెరగదు, బతికున్న కణాల మధ్యే దానికి హాయి. అందుకని పిల్ల ఎదుగుతున్న కోడిగుడ్లని చీకటి పెట్టెలో దీపానికి అడ్డంపెట్టి చూసి, రక్తనాళం తగలకుండా పెంకుకి బెజ్జం చేసి, లోపల పచ్చసొన సంచిలోకి క్రిమిని వదలాలి. టీకాకైనా, గినీపిగ్గులకి ఎక్కించడానికైనా క్రిమి ఆ గుడ్లలోంచే రావాలి. ముప్ఫయ్యేళ్ళుగా తాత చేతిలో గుడ్డు పగిలింది లేదు.

"తాతా, గుడ్లలోకి ఎక్కించే విత్తనం ఎక్కడినుంచి తీస్తావు?"

"కిందటి బ్యాచి నుంచి."

"కిందటి బ్యాచికి?"

"దాని కిందటిదాన్నుంచి. ప్రతిసారీ ఓ చెంచాడు మిగిల్చి పెట్టుకుంటా. రేపటి పెరుగుకి ఇవాళ్టిది తోడు ఉంచుకోమూ? అదే లెక్క."

ఆమె థర్మామీటరు కింద పెట్టేసింది. "మరి డీప్ ఫ్రీజర్లో ఉన్న అసలు విత్తనం?"

"దానికి అయిదు సంతకాలు కావాలి తల్లీ. ఎవరు తిరుగుతారు? ఇంట్లో తోడు ఉండగా ఊరంతా తిరగడమెందుకు?" అంటూ తాత గర్వంగా ఓ చిన్న పుస్తకం తీసి చూపించాడు. తేదీలు, పక్కన అంకెలు. ఒక్కరోజు తప్పిపోలేదు. ఆఖరి వరసలో గుండ్రటి అక్షరాలతో ఉంది: తొంభై మూడో తోడు.

అక్కడ అర్థమైంది ఆమెకి.

అడవిలో, అంటే మేక ఒంట్లో, ఈ క్రిమి ఒక బరువైన గొంగళి కప్పుకుని తిరుగుతుంది. శత్రువులు ఎక్కువ కాబట్టి. గుడ్డులో శత్రువెవరు? మెత్తటి పక్క, మూడు పూటలా పచ్చసొన. గొంగళి మోయడం దండగని తోచి, తరం తరానికీ విప్పేసుకుంటూ పోతుంది. గొంగళి విప్పేసినది జ్వరం తెప్పించలేదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ టీకా చేసే పని ఏమిటి? చంపిన క్రిమిని మేక ఒంటికి చూపించి, "శత్రువు ఇలా ఉంటాడు, గుర్తు పెట్టుకో" అని చెప్పడం. గొంగళి లేనివాణ్ణి చూపిస్తే, రేపు గొంగళి కప్పుకుని అసలువాడు వచ్చినప్పుడు మేక ఒళ్ళు "ఎవరో దారినపోయే దానయ్య" అనుకుని ఊరుకుంటుంది. పదకొండేళ్ళుగా ఎర్ర బోర్డు కట్టి, గార్డుని పెట్టి, తలస్నానాలు చేసి వాళ్ళు కాపాడుతున్నది పులిని కాదు, పిల్లిని. అదీ పళ్ళూడిన పిల్లిని.

అనుమానం మీద మాట్లాడకూడదని, క్రిమి పైపూతని గీతలుగా విడదీసి చూపించే జెల్ మీద పరీక్ష చేసింది. గొంగళి ఉంటే నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి గీతలు రావాలి. అడుగున ఒకే ఒక్క గీత వచ్చింది. మళ్ళీ చేసింది. ఒక్క గీతే. మూడోసారి తాతని పక్కన నిలబెట్టుకుని చేసింది.

"నిచ్చెనేదీ?" అన్నాడు తాత.

"లేదు తాతా."

తాత తన పుస్తకం తెరిచి, మొదటి వరస నుంచి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు. "నేను జాగ్రత్తగానే పెట్టానమ్మా తోడు" అన్నాడు చివరికి.

"నీ తప్పు కాదు తాతా. నాకూ మూడేళ్ళు కనిపించలేదు."

ఇక మిగిలింది ఒక్కటే దారి, అసలు విత్తనం తియ్యాలి. దానికోసం భద్రతాధికారి దగ్గరికి వెళ్ళింది. ఆయన్ని అందరూ జాగ్రత్తగారు అనేవాళ్ళు. "మెట్లు, జాగ్రత్త", "టీ వేడిగా ఉంది, జాగ్రత్త" అనకుండా ఆయన నోట వాక్యం పూర్తికాదు. ఆయన కూడా మూడో అంతస్తుకి రాడు. అది మరీ పెద్ద జాగ్రత్త.

"ఫ్రీజరు తియ్యాలంటే కమిటీలో అయిదుగురూ సంతకం పెట్టాలమ్మా. ఇప్పుడున్నది నలుగురు."

"అయిదో ఆయన?"

"రిటైరయ్యారు. వీడ్కోలు సభ చాలా బాగా చేశాం."

"కొత్తాయన్ని వేసుకోవచ్చు కదండీ?"

"భేషుగ్గా వేసుకోవచ్చు. దానికి కమిటీ తీర్మానం కావాలి. తీర్మానం మీద అయిదుగురూ సంతకం పెట్టాలి."

"ఉన్నది నలుగురే కదా?"

"అందుకేగా కొత్తాయన్ని వేసుకోవాలంటున్నది!" అన్నాడాయన, ఇంత చిన్న విషయం తెలియని పిల్లకి డాక్టరేటు ఎలా ఇస్తారో అన్నట్టు.

"ఎన్నాళ్ళయిందండీ ఇలా?"

"పదకొండేళ్ళు."

ఆమె జెల్ ఫొటో చూపించి సంగతి చెప్పింది. జాగ్రత్తగారి మొహం మాడిపోయింది. ఆయన లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"గట్టిగా అనకు. అది పిల్లి అని తేలితే ఏమవుతుందో తెలుసా? ఎర్ర బోర్డు పీకేస్తారు. గార్డు పోతాడు. తలస్నానం ఎత్తేస్తారు. మరి నేనెందుకిక్కడ? ఒక్క గీత కోసం ఇంతమంది కడుపు కొడతావా? ఆలోచించుకో. జాగ్రత్త."

ఆ చివరి మాట ఆయన అలవాటుగా అన్నాడో, బెదిరింపుగా అన్నాడో ఆమెకి తెలియలేదు.

డైరెక్టరుగారు మాత్రం కోప్పడలేదు. ఆయన కోప్పడే రకం కాదు, తేనె పూసిన కత్తి. ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టి, ఫొటోని దూరంగా పెట్టుకుని ఒకసారి, దగ్గరగా పెట్టుకుని ఒకసారి చూశాడు.

"జెల్ పాడైపోయినట్టుంది తల్లీ."

"మూడుసార్లు చేశాను సార్."

"మూడు జెల్స్ పాడైపోయాయన్నమాట."

"టీకా వెయ్యని గినీపిగ్గులకి కూడా జ్వరం రాలేదు సార్."

ఆయన కళ్ళు మెరిశాయి. "చూశావా! పక్క పంజరాల్లో ఉన్నవాటి నుంచి మన టీకా ప్రభావం గాలిలో పాకుతోందేమో! అది ఇంకో పేపరు. రాసుకో."

ఆమె రాసుకోలేదు. ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద జరిపాడు. విత్తన నిర్ధారణ పత్రం. 'ఈ టీకాకి వాడిన క్రిమి అసలు లక్షణాలు చెక్కుచెదరకుండా ఉన్నవని పరీక్షించి ధ్రువీకరించడమైనది.' కింద పరీక్షించినవారి సంతకం చోట ఖాళీ. పరీక్షలు చేసే చేతులు ఆ భవనంలో ఆమెవి మాత్రమే కాబట్టి ఆ ఖాళీ ఆమెదే.

"నువ్వు దీని మీద పెట్టు, నేను నీ థీసిస్ మీద పెడతాను. సంతకాలు చుట్టాల్లాంటివి తల్లీ. రాకపోకలుంటేనే సంబంధం నిలుస్తుంది."

"పెట్టకపోతే సార్?"

"పెట్టకపోతే..." ఆయన నిజంగానే జాలిపడ్డట్టు తల ఊపాడు. జుట్టు ఊగలేదు. "నీ మూడు అధ్యాయాలూ ఈ విత్తనం మీద రాసినవేగా? నా ఓడ మునిగాక నీ పడవ ఎక్కడ తేలుతుంది? శుక్రవారం దాకా ఆలోచించుకో."

మర్నాడు మధ్యాహ్నం నాన్న ఫోను చేశాడు. వెనక మేకల అరుపులు.

"మీవాళ్ళు వచ్చారమ్మా, చెవులకి బిళ్ళలు వేసి వెళ్ళారు. జాబితాలో మన మేకలే మొదటివట! నేను చుట్టుపక్కల అందరికీ చెప్పేశా, ఇది నా కూతురి చేతి మందని. వెనకింటివాడు నసుగుతుంటే, నా బిడ్డ చేసింది కాకపోతే నేనే వేయించనురా అన్నా. వాడూ రాయించుకున్నాడు."

"నాన్నా... ఒకవేళ మందు సరిగ్గా పనిచెయ్యకపోతే?"

"ఎందుకు చెయ్యదు? నువ్వున్నావుగా అక్కడ." ఆయనకి ఆ విషయం అంతటితో తేలిపోయింది. "ఈసారి నల్లమేక ఈనేటప్పుడు నేనే పక్కనుంటా. మీ అన్నది మొరటు చెయ్యి. కిందటిసారి అడ్డం తిరిగిన పిల్లని లాగి చంపాడు. నేను గోడవతల నిలబడి ఏడ్చా, తెలుసా నీకు? మేక కోసం కాదులే, రోషం వచ్చి."

ఫోను పెట్టేశాక ఆమె వరండా గోడకి ఆనుకుని నిలబడిపోయింది. నాన్నకి చెప్పచ్చు, మందు ఉత్తదే, లోపలికి వెళ్ళకు అని. నోరు మూసుకుని సంతకం పెట్టేసి, డాక్టరేటు తీసుకుని బయటపడచ్చు. అందరూ చేసేది అదే. కానీ జాబితాలో ఇంకో నూటపద్నాలుగు మందలున్నాయి. వెనకింటాయన ఉన్నాడు. వాళ్ళ కూతుళ్ళెవరూ ఇక్కడ పనిచెయ్యడం లేదు.

పెట్టనంటే? ఈ విత్తనం మీద రాసిన నాలుగేళ్ళ చదువు చెత్తబుట్టలోకి. ఆపైన కాగితం మీద ఇంకెవరి చేతో సంతకం పెట్టించి సభ జరిపించేస్తారు. ఆమె ఒక్కతే వద్దంటే రథం ఆగదు. రథసారథే పగ్గాలు లాగాలి.

గొంగళి విప్పడానికి ఎన్ని తోడులు పడతాయో ఎవరైనా లెక్కగా రాశారేమో చూద్దామని లైబ్రరీకి వెళ్ళింది. నేలమాళిగలో, విరిగిన కుర్చీల వెనక, పాత థీసిస్‌ల అరలో ఒక నీలిరంగు అట్ట పుస్తకం దొరికింది. 'గుడ్లలో పదేపదే పెంచినందువల్ల క్యూ జ్వర క్రిమి తన పైపూతను కోల్పోవుట'. ముప్ఫయి రెండేళ్ళ క్రితంది. లోపల అంటించిన కార్డు మీద తీసుకెళ్ళినవారి వరుస ఖాళీగా ఉంది. మొదటి పాఠకురాలు తనే.

రాసింది డైరెక్టరుగారు.

రెండో పేజీలో ఆయన ఫొటో. ఇరవై ఎనిమిదేళ్ళకే నుదురు నడినెత్తి దాకా పాకింది. కింద ఒకే వాక్యం: 'సంతకం చెయ్యడం రాని మా అమ్మకి.' ఆమె ఆ పేజీ మీద కొంచెంసేపు ఆగింది. తర్వాత గబగబా తిప్పింది. ముప్ఫయి తోడుల లెక్క, బ్యాచి బ్యాచికీ జెల్ ఫొటో. నిచ్చెన ఒక్కొక్క మెట్టే రాలిపోతూ వచ్చి, చివరి ఫొటోలో అడుగున ఒక్క గీత. అచ్చు తన జెల్. ఆఖరి వాక్యం ఇలా ఉంది: 'కావున టీకా తయారుచేయువారు ప్రతిసారి అసలు విత్తనము వద్దకే పోవలెను. ఎంతమాత్రమును బద్ధకింపరాదు.'

ఆ కుర్రాడి మీద ఆమెకి గౌరవం పుట్టింది. ఇప్పుడెక్కడున్నాడో, జుట్టు కింద ఎక్కడో ఉండే ఉంటాడు.

శుక్రవారం డైరెక్టరుగారి గదిలో జాగ్రత్తగారు కూడా ఉన్నాడు, సాక్షిగా.

"పెట్టావా సంతకం?"

"లేదు సార్. పెట్టను."

"మాట జాగ్రత్త" అన్నాడు జాగ్రత్తగారు.

కాగితం ఖాళీగానే బల్ల మీద పెట్టింది. పక్కన తన జెల్ ఫొటో పెట్టింది. దాని పక్కన నీలి పుస్తకాన్ని, చివరి ఫొటో ఉన్న పేజీ తెరిచి పెట్టింది.

"ఈ రెండూ ఎవరివి?" అన్నాడు డైరెక్టరుగారు చిరాగ్గా.

"ఎడమపక్కది నాది సార్. కుడిపక్కది మీది."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. కుడిపక్కది చూశాడు, ఎడమపక్కది చూశాడు. పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. ఒక పేజీ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. చివరి వాక్యం దగ్గర ఆయన పెదవులు కదిలాయి. ఆయన చెయ్యి మెల్లగా లేచి, తన జుట్టుని ఒకసారి తాకి, మళ్ళీ కిందికి దిగింది.

"ఇది నేను రాశానా?"

"చాలా బాగా రాశారు సార్" అంది మేకలమ్మాయి. ముఖస్తుతి కాదు, మనస్ఫూర్తిగానే అంది. "మీరు చెప్పింది ఎంత నిజమో మనమే తొంభై మూడుసార్లు రుజువు చేశాం."

ఆ మాట ఆయన చెవిలోంచి దిగి, మెదడులో కుర్చీ వెతుక్కుని కూర్చోవడానికి అర నిమిషం పట్టింది. తర్వాత ఆ మొహంలో జరిగిన మార్పు చూడాల్సిందే. ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది, ఆపైన సభలో దండ వేయించుకునేటప్పటి కాంతి వచ్చింది.

"తొంభై మూడు!" అన్నాడు లేచి నిలబడి. "అప్పట్లో నేను ముప్ఫయ్యే పెట్టగలిగాను. తొంభై మూడు ప్రపంచంలో ఎవడైనా పెట్టాడా? పదకొండేళ్ళ సుదీర్ఘ ప్రయోగం!"

"సార్, అది మనం కావాలని చెయ్యలేదు."

"కావాలని చేసేవాళ్ళు మామూలు శాస్త్రవేత్తలు తల్లీ."

"కానీ టీకా ఆపాలి సార్. అది మాత్రం ఆపాలి."

"ఆపడమేమిటి? మరింత మేలుచేసి ఇస్తాం! అసలు విత్తనంతో!"

జాగ్రత్తగారు గొంతు సవరించుకున్నాడు. "మరి ఎర్ర బోర్డు..."

"అసలు పులి బయటికొస్తోందయ్యా! ఇంకా పెద్ద బోర్డు పెట్టించు."

జాగ్రత్తగారి మొహంలో ప్రాణం లేచొచ్చింది.

సభ రోజున బ్యానరు మీద 'టీకా' అన్న మాట మీద కాగితం అంటించి 'మహా పరిశోధన' అని రాశారు. మంత్రిగారు టీకా గురించి రాసిచ్చిన ఉపన్యాసమే చదివారు. ఎవరికీ తేడా తెలియలేదు. పేపరు అచ్చయింది. తొమ్మిదిమంది పేర్లలో మేకలమ్మాయిది ఎనిమిదోది, జాగ్రత్తగారిది నాలుగోది. తొంభై మూడుసార్లూ తోడుపెట్టిన గుడ్ల తాత పేరు ఎక్కడా లేదు. అడిగితే, "ఆయన పరిశోధకుడు కాదు, పద్ధతి" అన్నారు.

ఆమె థీసిస్‌లో మూడు అధ్యాయాలు పోయాయి. ఇంకో రెండేళ్ళ పని మిగిలింది. తప్పుని తప్పని ఒప్పించకుండా గొప్పతనం కింద దాటించానే అన్నది పంటి కింద రాయిలా ఉండిపోయింది ఆమెకి. అందుకని తాత పుస్తకం అడిగి తీసుకుని, ఆఖరి వరస కింద తన చేత్తో రాసింది: 'ఇక్కడ ఆపాం. కారణం: పొరపాటు.' కింద సంతకం పెట్టింది. ఈ మొత్తం వ్యవహారంలో ఆమె పెట్టిన సంతకం అదొక్కటే.

నూటపదిహేను మందలవాళ్ళకీ తనే ఫోను చేసి చెప్పింది. కొందరు తిట్టారు, కొందరు ఎవరు నువ్వన్నారు. వెనకింటాయన మాత్రం, "ఉత్తదాన్ని మంచిదని చెప్పలేదు, అంతే చాల్లే" అన్నాడు.

అన్నిటికంటే ఆఖర్న నాన్నకి చేసింది.

"అంటే మళ్ళీ గోడవతలేనా?"

"అవును నాన్నా."

"ఊళ్ళో అందరికీ చెప్పుకున్నానే తల్లీ."

"తెలుసు నాన్నా."

"సరేలే" అని పెట్టేశాడు. ఆ సరేలేకి ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి ఏడ్చింది. అక్కడైతే ఎవరూ అడగరు, అందరూ తడి మొహాలతోనే వస్తారు.

పదకొండేళ్ళు కుదరని అయిదో సంతకం, డైరెక్టరుగారు తలుచుకుంటే అయిదు నెలల్లో కుదిరింది. రిటైరైన పెద్దమనిషి 'విశ్రాంతిలో ఉన్న సభ్యుడు' మాత్రమేనని ఎవరో కొత్త సూత్రం కనిపెట్టారు. ఆయన వచ్చి, సంతకం పెట్టి, "మళ్ళీ వీడ్కోలు సభ ఉంటుందా?" అని అడిగి వెళ్ళాడు.

ఫ్రీజరు తీసేరోజు తలుపుకి రిబ్బను కట్టారు. డైరెక్టరుగారు బయట నిలబడే కత్తిరించి, అద్దంలోంచి ఫొటో తీయించుకున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అడగలేదు, ఆయనా రాలేదు. లోపల ఉన్నది ఇద్దరే. మంచు పట్టిన చిటికెనవేలంత సీసాని తాత రెండు చేతులతో పట్టుకున్నాడు. గుడ్లు వెలుగుకి పెట్టి చూసుకున్నాడు. ఒక్కొక్కదాంట్లోకీ ఎక్కించాడు. ఒక్క పెంకూ చిట్లలేదు. అంతా అయ్యాక, సీసాలో మిగిలిన చుక్కని అలవాటు కొద్దీ వేరే గొట్టంలోకి వంపబోయాడు.

"తాతా!"

తాత చెయ్యి ఆగింది.

"తోడుకని..." అన్నాడు దొంగలా.

"ఈసారి తోడు లేదు తాతా. ప్రతిసారీ ఫ్రీజరు దగ్గరికే. సంతకాలకి నేను తిరుగుతా."

ఆమె తల తడుపుకుని బయటికి వచ్చేసరికి ఫోనులో నాన్నవి ఏడు పిలుపులున్నాయి. ఇవి మేకలు ఈనే రోజులు. జుట్టులోంచి నీళ్ళు కారుతుండగానే ఫోను కలిపింది.

అవతల దొడ్డిలో గొడవ. మేక అరుపు, వదిన ఎవరినో కసురుతున్న గొంతు, అన్నింటినీ మించి నాన్న కేక: "అలా లాగకురా మొద్దూ! తల ఎటుందో ముందు వేలితో చూడు! ముసుగు పైకి లాక్కో! వేలు, వేలు! ఆఁ, అదీ, ఇప్పుడు మెల్లగా..."

"నాన్నా! ఎక్కడున్నావు నువ్వు?"

"నల్లమేకమ్మా! మళ్ళీ అడ్డం తిరిగింది. మీ అన్న తీస్తున్నాడు, నేను చెప్పినట్టు."

"నువ్వెక్కడున్నావని అడుగుతున్నా!"

మేక ఒక్కసారి గట్టిగా అరిచింది. తర్వాత సన్నగా, కొత్తగా, పిల్ల అరుపు.

"గోడవతలే ఉన్నానమ్మా" అన్నాడు నాన్న ఆయాసపడుతూ. "నీమీదొట్టు. కాళ్ళు రెండూ బయటే ఉన్నాయి. నోరొక్కటే లోపలికి పోయింది."